ఫిగర్ ఫొటో మీద విమర్శ: ఒంటిని వదిలేసి నిర్ణయాల మీద మాట్లాడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఫిగర్ ఫొటో పెడితే ‘సూపర్ అన్నా’ అని నాలుగు, ‘ఇదేం కళ’ అని రెండు, ‘మోడల్ కాస్త తగ్గాలి’ అని ఒకటి వస్తున్నాయి. ఒక్కటీ తర్వాతి షూట్‌కి అక్కరకు రావడం లేదు. పనికొచ్చే విమర్శ ఎలా రాబట్టాలి? ఇంకొకరి ఫొటో మీద రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఫిగర్ ఫొటో అంటే మనిషి ఆకారమే అసలు విషయంగా ఉన్న ఫొటో. ఒంటి మీద పూర్తి దుస్తులుండొచ్చు, చుట్టుకున్న గుడ్డ ఒక్కటే ఉండొచ్చు, ఏమీ లేకపోవచ్చు. కూచిపూడి భంగిమలో నిలబడ్డ నర్తకి కూడా ఇందులోకే వస్తుంది. కొండ మీదో కుండ మీదో విమర్శ రాస్తే మధ్యలో ఉండేది ఇద్దరే, తీసినవారూ చూసినవారూ. ఇక్కడ మూడో మనిషి ఉన్నారు. ఆ మనిషి మీ వ్యాఖ్య చదువుతారు, చదవకపోతే ఎవరో ఒకరు స్క్రీన్‌షాట్ పంపుతారు. ‘నడుము లావుగా ఉంది’ అనడం మర్యాద కాదన్నది సరే, అసలు అది ఫొటోగ్రాఫర్‌కి ఎందుకూ కొరగాని మాట. నడుముని ఆయన మార్చలేరు. ‘చెయ్యి ఒంటికి అతుక్కుపోవడం వల్ల చెయ్యీ నడుమూ ఒకే ముద్దలా కనిపిస్తున్నాయి, మోచెయ్యి నాలుగు వేళ్లంత బయటికి జరిగితే మధ్యలో నేపథ్యం కనిపించి నడుము గీత తెలుస్తుంది’ అంటే రేపే మార్చగలరు. లెన్సు, దూరం, కెమెరా ఎత్తు, లైటు ఉన్న చోటు, పోజు, క్రాప్, ఎడిటింగ్ అనేవి తీసినవారి చేతిలో ఉన్న నిర్ణయాలు. మీరు రాసిన వాక్యం వీటిలో దేనికీ చెందకపోతే దాదాపు ఎప్పుడూ చెరిపేయాల్సిందే.

అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ 1936లో తన మోడల్ చారిస్ విల్సన్‌ని తీసిన ఫొటో ఒకటి ఫొటోగ్రఫీ చరిత్ర పుస్తకాల్లో తరచూ కనిపిస్తుంది. తల వంచుకుని, మోకాలి చుట్టూ చేతులు వేసుకుని కూర్చున్న బొమ్మ. కుడి చేతి మీద పడ్డ నీడ వెస్టన్‌కి ఎప్పుడూ నచ్చలేదని, పాపిట వంకరగా ఉండటం, జుట్టులో పిన్నులు కనిపించడం తనకి నచ్చలేదని చారిస్ తర్వాతి కాలంలో చెప్పారు. ఇద్దరి ఫిర్యాదుల్లోనూ ఒంటి మీద మాట లేదు. నీడ, పాపిట, పిన్ను, అన్నీ వేలు పెట్టి చూపించగలిగినవే. విమర్శ అంటే ఆ మాత్రం కచ్చితంగా ఉండాలి.

ముందు అడగడం సంగతి. ‘ఎలా ఉందో చెప్పండి’ అని అడిగితే ‘బాగుంది’ అనే వస్తుంది, అందులో వాళ్ల తప్పేమీ లేదు. ఫొటోతో పాటు నాలుగైదు వాక్యాలు రాయండి. ఏం సాధించాలనుకున్నారు (‘వీపు కండరాలు ఇసుక తిన్నెల్లా కనిపించాలి’), లైట్లు ఎక్కడ పెట్టారు, లెన్సు ఎంత, మోడల్‌కీ కెమెరాకీ దూరం ఎంత, గది ఎంత. తర్వాత ఒకటో రెండో ప్రశ్నలు: ‘ఎడమ చెయ్యి బరువుగా అనిపిస్తోంది, పోజు వల్లా, లైటు వల్లా?’ అని. చివరగా, ఏది మార్చే వీలు లేదో చెప్పండి. ‘మోడల్ ముఖం కనిపించకూడదన్నారు’ అని ముందే రాస్తే ‘కళ్లు కనిపిస్తే బాగుండేది’ అనే పది వ్యాఖ్యలు తప్పుతాయి. ఒకే పోస్టులో ఇరవై ఫొటోలు కుమ్మరించకండి. ఒకటి, మహా అయితే అదే షూట్‌లోంచి పోల్చడానికి ఇంకొకటి.

గది కొలత ఎందుకు రాయమన్నానంటే, మన దగ్గర అందరూ అలవాటుగా అనే మాట ‘85 వాడాల్సింది’. లెక్క చూడండి. నిలువెత్తు మనిషికి తలపైనా కాళ్లకిందా కాస్త చోటు వదిలితే ఫ్రేమ్ ఎత్తు సుమారు 2 మీటర్లు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాని నిలువుగా పట్టుకుంటే సెన్సార్ (లోపల బొమ్మ పడే చిప్పు) ఎత్తు 36 మి.మీ. 85 మి.మీ. లెన్సుకి 4.7 మీటర్ల దూరం కావాలి, 50కి 2.8 మీటర్లు, 35కి 1.9 మీటర్లు. పది బై పన్నెండు అడుగుల గదిలో పొడవు వైపు ఉన్నదే 3.66 మీటర్లు. మోడల్ వెనక గోడకి ఒక మీటరు, కెమెరా పట్టుకున్న మనిషికి అర మీటరు తీసేస్తే మిగిలేది 2.2 మీటర్లు. ఆ గదిలో 85తో నిలువెత్తు ఫొటో రాదు. గోడ పగలగొట్టమని సలహా ఇచ్చినట్టే. అంతకంటే చిన్న చిప్పు ఉండే క్రాప్ సెన్సార్ కెమెరా అయితే అక్కడ 35 కూడా చాలదు, దానికి 3 మీటర్లు కావాలి.

అలాగని దగ్గర నుంచి తీస్తే నష్టం లేదని కాదు. 1.9 మీటర్ల దూరంలో మోడల్ మోకాలిని అర మీటరు ముందుకి చాపితే, అది మిగతా ఒంటితో పోలిస్తే దాదాపు 35 శాతం పెద్దగా పడుతుంది. 4.7 మీటర్ల నుంచి అదే మోకాలు 12 శాతమే పెరుగుతుంది. కాబట్టి చిన్న గదిలో తీసిన ఫొటోకి సరైన సలహా లెన్సు మార్చమనడం కాదు. కాళ్లూ చేతులూ కెమెరా వైపు రాకుండా పక్కలకి, ఒంటితో ఒకే తలంలో ఉండేలా పోజు పెట్టమనండి. లేదా నిలువెత్తు వదిలేసి తొడ మధ్య వరకే తీయమనండి. ఇంకో మాట: ఆ సాగదీతే కావాలనుకున్నవారూ ఉన్నారు. బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ బిల్ బ్రాంట్ పాత కోడాక్ కెమెరాకున్న వైడ్ యాంగిల్ లెన్సుతో తీసిన నగ్న చిత్రాల్లో అవయవాలు రాళ్లలా, కొండల్లా మారిపోతాయి. అవి 1961లో పుస్తకంగా వచ్చాయి. అందుకే ‘వంకర వచ్చింది’ అనే ముందు అది కావాలని చేశారా అని అడగాలి. కావాలని చేసిందైతే విమర్శ తిరగబడుతుంది: ఇంత తక్కువ వంకర ఎందుకు? కొంచెం వంకర పొరపాటులా కనిపిస్తుంది.

కెమెరా ఎత్తు గురించి చాలామంది మాట్లాడరు. నిలువెత్తు ఫొటోని నిలబడి, కంటి ఎత్తు నుంచి కెమెరాని కిందికి వంచి తీస్తే తల పెద్దదై కాళ్లు పొట్టివవుతాయి. బొడ్డు ఎత్తుకి దింపి, కెమెరాని వంచకుండా నిటారుగా పెడితే నిష్పత్తి సరిగ్గా వస్తుంది. ‘కాళ్లు పొట్టిగా ఉన్నాయి’ అని మోడల్ మీద పడే వ్యాఖ్యల్లో చాలావాటికి అసలు కారణం ఫొటోగ్రాఫర్ మోకాళ్లు వంచకపోవడమే.

ఇక ఇంకొకరి ఫొటో చూడటం. మొదటి చూపు బొటనవేలంత సైజులో చూడండి. ఆ సైజులో ఆకారం అర్థం కావాలి: తల ఎక్కడ, చేతులు ఎక్కడ, బరువు ఎటు. అర్థం కాకపోతే మొదటి సమస్య బయటి గీతదే, చర్మం రంగు గురించి తర్వాత మాట్లాడొచ్చు. మెడ మీద నుంచి కిటికీ చట్రం అడ్డంగా పోతోందా, నల్ల జుట్టు నల్ల నేపథ్యంలో కలిసిపోయి తల సగమే ఉందా, ఇవన్నీ ఇక్కడే దొరుకుతాయి.

పోజు గురించి చెప్పడానికి మన శిల్పశాస్త్రం మంచి మాటలే ఇచ్చింది. వాటిని వాడుకోకపోవడం మన బద్ధకం. రెండు కాళ్ల మీదా బరువు సమంగా ఉంటే సమభంగం. ఒక కాలి మీద బరువు వేసి కొద్దిగా వంగితే ఆభంగం. తల, మొండెం, నడుము ఒకదానికొకటి ఎదురు దిక్కుల్లో మూడు ఒంపులు తిరిగితే త్రిభంగం. విల్లులా విపరీతంగా వంగితే అతిభంగం. 1213 నాటి రామప్ప గుడిలో స్తంభాల పైన వాలుగా నిలబెట్టిన మదనికలని గుర్తు తెచ్చుకోండి. సన్నని పొడవాటి అవయవాలు, ప్రతి కీలు దగ్గరా దిక్కు మారే గీత. ‘పోజు బిగుసుకుపోయింది’ అని రాసే బదులు ‘త్రిభంగం అనుకున్నట్టున్నారు గానీ భుజాల గీత, నడుము గీత సమాంతరంగా ఉండిపోయాయి. బరువు కుడి కాలి మీదకి పూర్తిగా వేయించి ఎడమ భుజం దించమనండి’ అని రాస్తే అవతలి మనిషికి చేయాల్సిన పని దొరుకుతుంది. సమభంగం తప్పేమీ కాదు. నిశ్చలత్వం కావాలనుకున్న ఫొటోకి అదే సరి.

చేతుల దగ్గరే ఎక్కువ ఫొటోలు పాడవుతాయి. అరచేతి వెనక భాగం పూర్తిగా కెమెరా వైపుంటే అది ముఖమంత పెద్దగా కనిపిస్తుంది. చిటికెనవేలి వైపు అంచు చూపిస్తే సన్నబడుతుంది. మోచెయ్యి సూటిగా లెన్సు వైపు తిరిగితే ముంజేయి మాయమై మొండి చెయ్యిలా ఉంటుంది, ఇరవై ముప్ఫై డిగ్రీలు పక్కకి తిప్పితే చాలు. వేళ్లు ఒంటిని నొక్కితే చర్మం లోపలికి పోయి పట్టుకున్నట్టుంటుంది, ఆనీ ఆననట్టు ఉంచమనాలి. నడుము వెనక్కి వెళ్లిన చేతి వేళ్లు నాలుగు మాత్రమే ముందుకి వస్తే అవి ఎవరివో అనిపిస్తాయి. క్రాప్ విషయం క్లుప్తంగా: మణికట్టు, మోచెయ్యి, మోకాలు, చీలమండ దగ్గర కోయకండి. కీలుకీ కీలుకీ మధ్య కోయండి. అంచుకి ఆనుకుని ఆగిపోయిన కాలి వేలు కూడా అంతే ఇబ్బంది. లోపలికి పూర్తిగా తేవాలి, లేదా ధైర్యంగా కోసేయాలి.

లైటు విషయంలో అంకెలు మాట్లాడితేనే ఉపయోగం. సాఫ్ట్‌బాక్సు (లైటుకి తెల్ల గుడ్డ తొడిగిన పెట్టె) దగ్గరి భుజానికి 1 మీటరు, అవతలి భుజానికి 1.5 మీటర్ల దూరంలో ఉంటే రెండింటి మధ్య వెలుగు తేడా 2.25 రెట్లు, ఒక స్టాప్ పైన (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు కావడం లేదా సగమవడం). అదే లైటుని 3 మీటర్లకి జరిపితే (అవతలి భుజం 3.5) తేడా అర స్టాప్ కూడా ఉండదు, కానీ మోడల్ వైపు నుంచి చూస్తే లైటు చిన్నదై నీడ అంచు పదునెక్కుతుంది. ఈ రెండు మార్పులూ కలిసే వస్తాయి. ‘లైటు వెనక్కి జరపండి’ అనేవారు రెండోది చెప్పడం మర్చిపోతారు.

పడుకున్న భంగిమలో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. తల వైపు లైటు 0.8 మీటర్లలో ఉండి పాదాలు 2.4 మీటర్లలో ఉంటే వెలుగు 9 రెట్లు తగ్గిపోతుంది. అంటే మూడు స్టాప్‌లకి పైనే. ముఖం సరిగ్గా ఉంటే పాదాలు చీకట్లో కలిసిపోతాయి. ‘షాడోలు లేపండి’ అని సలహా ఇస్తే ఎడిటింగ్‌లో నాయిస్ (గరుకు చుక్కలు) పైకి తేలుతుంది. లైటుని ఒంటి మధ్యభాగానికి పక్కగా తేవడం, లేదా బాక్సు ముఖాన్ని పాదాల వైపు తిప్పి తలకి అంచు వెలుగే పడేలా చేయడం అసలు పరిష్కారం. చీకట్లోకి కరిగిపోవడమే ఉద్దేశమైతే, ఎక్కడ కరగాలన్నది చర్చించండి. పిక్క మధ్యలో కరిగితే బాగుంటుంది. సరిగ్గా చీలమండ దగ్గర ఆగితే పాదం నరికేసినట్టుంటుంది.

ఒంటి గుండ్రదనం తెలియకపోతే లైటు ఎక్కువైందో తక్కువైందో అని వెతక్కండి. వెలుగూ నీడా కలిసే సరిహద్దు ఎక్కడ నడుస్తోందో చూడండి. అది కండరాల మీదుగా నడిస్తే ఆకారం లేస్తుంది. కెమెరా పక్కనే లైటుంటే సరిహద్దే ఉండదు. తెల్ల గోడలున్న చిన్న గదిలో లైటు ఎంత పక్కన పెట్టినా గోడ నుంచి వెనక్కి వచ్చిన వెలుగు నీడని తినేస్తుంది. నీడ వైపు ఒంటికి రెండడుగుల దూరంలో నల్ల గుడ్డ వేలాడదీయమనండి. ఇంకోటి: మన ఇళ్లలో లేత పచ్చ, లేత నీలం గోడలు ఎక్కువ. నీడ వైపు చర్మానికి ఆ రంగు అంటుకుంటుంది. వైట్ బ్యాలెన్స్ (ఫొటో మొత్తం రంగుని సరిదిద్దే సెట్టింగ్) మార్చితే వెలుగు వైపు పాడవుతుంది గానీ అది పోదు. ఈ నల్ల గుడ్డే దానికీ మందు.

ఎక్స్‌పోజర్: కెమెరా మీటరు చూసిన దేనినైనా మధ్యస్థ బూడిద రంగుకి తేవాలని చూస్తుంది. ఫ్రేమ్ నిండా నల్ల నేపథ్యం ఉంటే చర్మం పాలిపోతుంది, తెల్ల నేపథ్యం ఉంటే నల్లబడిపోతుంది. మనవాళ్ల చామనఛాయ ఒంటిని ‘తెల్లగా’ లేపేసిన ఫొటోలు సగం ఇలా తయారైనవి, మిగతా సగం కావాలని లేపినవి. మొదటిదాన్ని పొరపాటుగా చెప్పండి. రెండోదాన్ని నేరుగా అడగండి: మోడల్ అసలు రంగు ఇదేనా? చర్మంలో ఎరుపు ఎక్కువ కాబట్టి ముందు పేలేది, అంటే వెలుగు ఎక్కువై వివరం పోయేది, ఎరుపు ఛానెల్. మామూలు హిస్టోగ్రామ్‌లో (ఫొటోలో చీకటీ వెలుగూ ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) అది కనపడదు, మూడు రంగులూ విడివిడిగా చూపే హిస్టోగ్రామ్ చూడమనాలి. భుజం మీద నారింజ రంగులో వివరం లేని మచ్చ కనిపిస్తే అదే.

‘మరీ చీకటిగా ఉంది’ అనే ముందు మీ ఫోను బ్రైట్‌నెస్ చూసుకోండి. ఎండలో బస్సులో కూర్చుని లో-కీ ఫొటోని (కావాలని ఎక్కువ భాగం చీకటిగా ఉంచినదాన్ని) తీర్పు తీర్చకూడదు. పెట్టేవారు ఫైల్‌ని ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల పద్ధతిలోనే ఎగుమతి చేయాలి. అడోబీ ఆర్‌జీబీ అనే ఇంకో పద్ధతిలో పెడితే కొన్ని తెరల మీద చర్మం బూడిద పూసినట్టుంటుంది. పొడవు వైపు 2048 పిక్సెళ్లు చాలు. బూడిద నేపథ్యంలో చారలు కనిపిస్తే అది కంప్రెషన్ పని, ఎడిటింగ్‌లో కొద్దిగా గ్రెయిన్ (సన్నని చుక్కలు) కలిపితే తగ్గుతుంది.

రీటచింగ్‌లో గీత ఇలా గీసుకోండి: వారంలో పోయేది తీసేయొచ్చు, ఒంటితో ఉండేది మోడల్‌ని అడిగి తీయాలి. మొటిమ మొదటిది. మచ్చ, ప్రసవం చారలు రెండోది. సాక్సు, లోదుస్తుల ఎలాస్టిక్ అచ్చులు అరగంట ముందే వదులు దుస్తులకి మారితే చాలావరకు పోతాయి, గంటల కొద్దీ క్లోన్ చేయనక్కర్లేదు (పక్క చర్మాన్ని కాపీ చేసి కప్పనక్కర్లేదు). చర్మం ప్లాస్టిక్‌లా ఉందని చెప్పాలంటే రుజువు చూపండి: గుడ్డలో నేత కనిపిస్తోంది, పెదవుల మీద గీతలున్నాయి, పక్కనే బుగ్గ మీద రంధ్రాలు లేవు. స్మూతింగ్ లేయర్‌ని సగానికి తగ్గించి చూడమనండి. నడుము పక్కన తలుపు చట్రం వంగి ఉంటే లిక్విఫై చేశారని, అంటే ఎడిటింగ్‌లో ఒంటి ఆకారాన్ని నెట్టి మార్చారని అర్థం. దాని గురించి రాసేటప్పుడు కూడా చట్రం గురించే రాయండి.

ఇవన్నీ చూశాక ఏం రాయాలి? చూసిన పది లోపాలూ రాయకండి. ఫొటోని ఎక్కువ మార్చేవి రెండు ఎంచుకోండి. ఉదాహరణకి, కిటికీ పక్కన వీపు చూపిస్తూ కూర్చున్న మనిషి ఫొటో అనుకోండి. ‘మొదట నా కన్ను వెన్నెముక గీత మీద పడింది, అక్కడి నుంచి మెడ దాకా వెళ్లింది. అది పనిచేసింది. తర్వాత కుడి వైపు తెల్ల కర్టెన్ దగ్గరికి లాగేసి అక్కడే ఆగిపోయింది, ఫ్రేమ్‌లో అన్నిటికంటే వెలుతురు దానిదే కాబట్టి. కర్టెన్‌ని ఒక స్టాప్ తగ్గించి చూడండి, మళ్లీ తీస్తే దాన్ని ఫ్రేమ్ బయటికి లాగేయండి. రెండోది, ఎడమ మోచెయ్యి నడుముకి ఆని ఉంది, మధ్యలో కాస్త ఖాళీ వస్తే ఒంపు కనిపిస్తుంది. ముఖం తిప్పేయడం మీ ఉద్దేశమా, మోడల్ కోరికా?’ ఇంతే. ఎక్కడ, ఎందుకు, ఏం చేయాలి, మూడూ వచ్చాయి. ‘కుడి’, ‘ఎడమ’ అన్నప్పుడు ఫ్రేమ్‌దా, మోడల్‌దా చెప్పండి. సగం తగాదాలు అక్కడే పుడతాయి.

లిజ్ లెర్మన్ అనే అమెరికన్ నృత్య దర్శకురాలు 1990లో ఒక పద్ధతి తయారుచేశారు, ఫిగర్ ఫొటోకి అది బాగా అతుకుతుంది. ముందు చూసినవారు తమకి ఏది తాకిందో చెప్తారు. తర్వాత కళాకారుడు ప్రశ్నలు అడుగుతాడు. ఆ తర్వాత చూసినవారు అభిప్రాయం కలపని ప్రశ్నలు అడుగుతారు. చివర్లో, అనుమతి తీసుకుని అభిప్రాయాలు. కష్టమంతా మూడో మెట్టులోనే. ‘ఎందుకంత చీకటిగా తీశారు?’ అన్నది ప్రశ్న వేషంలో ఉన్న తీర్పు. ‘నేపథ్యం వెలుగు విషయంలో ఏం అనుకున్నారు?’ అన్నది ప్రశ్న. పద్ధతి మొత్తం పాటించే ఓపిక లేకపోతే ఆ చివరి అనుమతి ఒక్కటైనా వాడండి: ‘క్రాప్ మీద ఒక మాట ఉంది, చెప్పమంటారా?’

విమర్శ అందుకునేటప్పుడు వెంటనే జవాబివ్వకండి. ముఖ్యంగా ‘కావాలనే అలా తీశాను’ అని రాయకండి. కావాలని తీసిన సంగతి ఫొటోలో కనిపించకపోవడమే అక్కడి ఫిర్యాదు. ఒక రోజు ఆగి వ్యాఖ్యలని విడదీయండి. ముగ్గురు వేర్వేరు మాటల్లో ఒకే చోటు చూపిస్తే అక్కడ నిజంగా ఏదో ఉంది, వాళ్లు చెప్పిన పరిష్కారాలు మూడూ తప్పయినా సరే. ఒకడు ‘చెయ్యి కోసేయండి’, ఇంకొకడు ‘చెయ్యి నల్లబరచండి’, మరొకడు ‘చెయ్యి దించండి’ అంటే, చెయ్యి మరీ కనిపిస్తోందని అర్థం. ఒక్కరే అన్నదాన్ని ఒక కాపీ మీద చేసి పక్కపక్కన పెట్టి చూడండి, పది నిమిషాల పని. ‘ఇదేం కళ’ అన్నవారితో కళ అంటే ఏమిటో వాదించి లాభం లేదు, వదిలేయండి. మోడల్ ఒంటి మీద వచ్చిన మాటని మాత్రం వదలొద్దు. మీ పోస్టు కాబట్టి అది తీసేయించే బాధ్యత మీదే. తీసేయించాక ‘నడుము’ వాక్యంలో ఏదైనా నిర్ణయం దాగి ఉందేమో మీరు విడిగా చూసుకోండి. ఉంటుంది తరచూ: ఎదురు లైటో, కింది నుంచి పట్టిన కెమెరానో.

అనుమతి గురించి తేలిగ్గా తీసుకునేవారు ఎక్కువ కాబట్టి కాస్త గట్టిగానే చెప్తాను. ఫొటో తీయడానికి ఒప్పుకోవడం వేరు, ఆన్‌లైన్‌లో పెట్టడానికి ఒప్పుకోవడం వేరు, పదిమంది దాని మీద గీతలు గీసి చర్చించడానికి ఒప్పుకోవడం ఇంకా వేరు. మూడూ విడివిడిగా, రాతలో తీసుకోండి. ముఖం కనిపించొచ్చా, పచ్చబొట్టు కనిపించొచ్చా అన్నదీ రాయండి. మన దేశంలో ఇది మర్యాద ప్రశ్న మాత్రమే కాదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షన్ ప్రకారం, ఏకాంతంలోని చిత్రం తీయడానికి స్త్రీ ఒప్పుకున్నా ఇతరులకి పంచడానికి ఒప్పుకోకపోతే, పంచడం నేరమే. ఐటీ చట్టంలోని 66ఈ ఎవరి రహస్యాంగాల చిత్రాన్నైనా అనుమతి లేకుండా ప్రచురించడాన్ని శిక్షిస్తుంది. 18 ఏళ్లలోపు వారి నగ్న చిత్రం విషయంలో తల్లిదండ్రుల సంతకం ఉన్నా అది మిమ్మల్ని కాపాడదు, ఆ ఆలోచనే పెట్టుకోకండి. పెట్టే ముందు ఫైల్లోంచి లొకేషన్ వివరాలు తీసేయండి, షట్టరు, లెన్సు అంకెలు ఉంచొచ్చు.

విమర్శించేవారికీ ఇందులో వాటా ఉంది. క్రాప్ ఎలా ఉంటుందో గీసి చూపించాలంటే అడిగి చేయండి, చేసిన కాపీని అదే చర్చలో తప్ప ఎక్కడా పెట్టకండి, మీ ఫోన్లోనూ ఉంచుకోకండి. ముఖం కనపడనక్కర్లేని సలహాకి ఫొటో మీద గీయడం కంటే కాగితం మీద నాలుగు గీతల బొమ్మ వేసి పెట్టడం మేలు, చాలాసార్లు అదే ఎక్కువ అర్థమవుతుంది. మోడల్ తర్వాత మనసు మార్చుకుని తీసేయమంటే కారణం అడగకుండా తీసేయండి, మీ ఫొటో మీద గీసినవారందరికీ విడిగా రాసి వాళ్ల కాపీలూ తీయించండి. ఎవరెవరు గీశారో మొదటి రోజు నుంచే రాసి పెట్టుకుంటే అప్పుడు వెతుక్కోనక్కర్లేదు.